కోట గట్టినవారి కూలి

అమెరికా సంయుక్తరాష్ట్రములలో టెనెసీ రాష్ట్రమునకు ముఖ్యపట్టణమగు నాష్‌విల్‌లో, సెయింట్ క్లౌడ్ అను గుట్టపైని సున్నపురాతి కోట యొకటి శిథిలమై యున్నది. ఆ దేశపు అంతర్యుద్ధకాలమున, 1862వ సంవత్సరమున, ఉత్తరపక్షపు సేన నగరమును బట్టుకొని దాని రక్షణకై యీ కోటను గట్టించెను. నెగ్లీ యను సేనాని పేరు దానికి బెట్టిరి. కోటలను జూచినపుడు గోడల దిట్టతనమును, సేనల పరాక్రమమును గొనియాడుట లోకమునకు వాడుక. ఆ గోడల నెత్తినవారెవరని మొదట నడుగవలదా?

బానిసలును, స్వతంత్రులును నగు నల్లజాతి స్త్రీపురుషులు 2,700 మందికి పైగా నిచ్చట పనిచేసిరి. వారిలో ననేకులను సిపాయిలు బలవంతముగా బట్టి తెచ్చిరి. 600 మొదలు 800 మంది వరకు మరణించిరని యంచనా. కూలి ముట్టినది సుమారు 310 మందికే! తుదకు బానిసత్వమును రూపుమాపిన పక్షమే యిట్లు వెట్టి చేయించుకొనెను.

"అది యుద్ధకాలము, అవసరమునకు న్యాయము లేదు" అని కొందరందురు. ఆ యవసరము సేనాని జీతమున కేల యడ్డు రాలేదు? బీదవాని కూలికి మాత్రమే యడ్డువచ్చునది అవసరము గాదు, అన్యాయము.

"ఎవరెవరో తెలియనివారికి బాకీ యెట్లు తీర్తుము?" అను వాదమును జెల్లదు. కూలి యీయని వారి పట్టీలను సేనయే వ్రాసియుంచెను. మరుగుపడినవి పేర్లు కావు, మరుగుపరుపబడినది బాకీ.

ఇక నా నేల సంగతి. కోట దిగువ 1978లో బేస్‌బాల్ ఆటస్థలము గట్టిరి. అది మూతపడిన పిమ్మట, 2017లో నచ్చట ఇండ్లును అంగళ్లును గట్టింప నొక యోచన బయలుదేరెను. పురావస్తు పరిశోధకులు నేలను బరీక్షించి, కోట గట్టినవారి సమాధు లచ్చట మిగిలియుండవచ్చునని 2018లో జెప్పినగాని యా యోచన విరమింపబడలేదు. బ్రదికినపుడు కూలి యెగవేసి, చచ్చినపిమ్మట పడుకొన్న నేలకు వెలగట్టుట యెంతటి సాహసము!

2019లో యునెస్కోవారు బానిసత్వచరిత్రకు సంబంధించిన స్థలములలో నీ కోటను జేర్చిరి. సంతోషమే. కాని, చదువరులారా, గౌరవము వేరు, కూలి వేరు. పట్టీలోని పేరుపేరునకు వారసులను వెదకి, రావలసిన సొమ్మును లెక్కగట్టి యా ప్రభుత్వము చెల్లింపవలెను. అంతవరకు నా కోట విజయచిహ్నము గాదు. తీరని ఋణమునకు గురుతు.