పై మడతకు హామీ ఎవరిస్తున్నారు?

పోస్టు పొడుగైంది, ఓపిక చేసుకోండి. ఉగాది సంచిక అచ్చుకు వెళ్ళేలోపు అందరూ చదవాలని, ముఖ్యంగా కార్యవర్గంలోని అన్నయ్యలూ అక్కయ్యలూ చదవాలని నా మనవి.

మొన్న ఆదివారం సమావేశంలో సంచిక నమూనా చూపించారు. వెనక అట్ట నిండా ఒక కాస్మెటిక్ క్లినిక్ ప్రకటన. "ముందు", "తర్వాత" అని రెండు ఫోటోలు. కింద పెద్ద అక్షరాల్లో, పై పొట్ట మడతలకు ఒక్క టమ్మీ టక్‌తో శాశ్వత పరిష్కారమట, సంఘ సభ్యులకు ప్రత్యేక తగ్గింపట. నేను లేచి అభ్యంతరం చెప్పాను. ఒక పెద్దాయన నవ్వి, "ఆడవాళ్ళ విషయం, మీలో మీరు మాట్లాడుకోండమ్మా" అన్నారు. ఇంకొకాయన, "వంగి ఇల్లు ఊడిస్తే మడతలెందుకొస్తాయి?" అన్నారు. సభంతా నవ్వింది. కాఫీ వచ్చింది. అక్కడితో చర్చ అయిపోయింది.

నాకు మాత్రం అయిపోలేదు.

మా ఆడపడుచు సంగతి చెబుతాను. ఆమె సరేనంటేనే రాస్తున్నాను. ఆమె పేరూ రాయను, క్లినిక్ పేరూ రాయను. ఇద్దరు పిల్లలు, రెండూ సిజేరియన్లే. రవిక అంచు కింద నుంచి బొడ్డు దాకా రెండు మడతలు. చీర కట్టే మనకు తెలుసు, కింద పొట్ట ఎంతున్నా కుచ్చిళ్ళ వెనక దాగిపోతుంది. నలుగురికీ కనబడేది పై మడతే. ఏ గృహప్రవేశానికి వెళ్ళినా మనవాళ్ళు తెలుగులోనూ పక్కింటివాళ్ళు కన్నడలోనూ అడిగేది దాని గురించే. "హొట్టె జాస్తి ఆయ్తల్లా?" అని ఒకరు, "మళ్ళీ విశేషమా?" అని ఇంకొకరు. విని విని ఆ పిల్ల చీటీ పాడుకుని, ఆ డబ్బుతో ఆపరేషన్ చేయించుకుంది.

కింద వేలాడే భాగం పోయింది. అది నిజం, ఆమె కూడా కాదనదు. పై మడతల్లో ఒకటి మాత్రం అలాగే ఉండిపోయింది. పైగా కింద చదునైపోవడంతో పైది ఇంకా ఎత్తుగా కనబడుతోంది. వాపేమో, తగ్గుతుందిలే అని నెలలపాటు ఎదురుచూసింది. తగ్గలేదు. వెళ్ళి అడిగితే ఆమె సంతకం పెట్టిన కాగితమే తీసి చూపించారు. పై భాగంలోని కొవ్వు తగ్గుతుందన్న హామీ లేదని అందులో ఒక వాక్యం ఉంది. ప్రకటనలో ఒక మాట, కాగితంలో ఒక మాట. మన సంచిక వెనక అట్ట మీద వేయబోయేది ఇందులో మొదటి మాట.

అసలు టమ్మీ టక్ అంటే ఏమిటో చెప్పుకుందాం. ఈ తుంటి నుంచి ఆ తుంటి దాకా, సిజేరియన్ గీత వచ్చే చోటికి దగ్గరగా అడ్డంగా కోస్తారు. పైచర్మాన్ని కొవ్వుతో సహా పక్కటెముకల దాకా కండ మీద నుంచి లేపుతారు. కాన్పుల వల్ల మధ్యలో ఎడమైన నిలువు కండరాలను కుట్టి దగ్గరికి లాగుతారు. పైచర్మాన్ని కిందికి లాగి, మిగులు చర్మాన్ని కోసేస్తారు. అలా కోసేది చాలావరకు బొడ్డుకు దిగువనున్న భాగం. బొడ్డుకు కొత్తగా చోటు చేసి కుడతారు. పని ఇంతే. అంటే పై పొట్ట చర్మాన్ని తీసేయరు, కిందికి లాగుతారు.

దుప్పటిని కింది అంచు పట్టుకుని లాగితే ముడతలు పోతాయి. బొంతను లాగితే దాని మందం తగ్గుతుందా? మొత్తం తేడా ఇందులోనే ఉంది. పై మడతకు కారణాలు మూడు. ఒక్కొక్కరిలో ఒక్కొక్కటి ఎక్కువ, చాలామందిలో మూడూ కలిసే ఉంటాయి.

ఒకటి, వదులు చర్మం. మడతను రెండు వేళ్ళతో పట్టుకుంటే పలచగా, గుడ్డలా వస్తుంది. కాన్పుల తర్వాత, బాగా బరువు తగ్గాక ఇలా ఉంటుంది. దీనికి టమ్మీ టక్ బాగానే పనిచేస్తుంది. కండరాలు ఎడమై పొట్ట ముందుకొచ్చినవాళ్ళకూ మేలు చేస్తుంది.

రెండు, చర్మం కింద కొవ్వు. పట్టుకుంటే మందంగా చేతినిండా వస్తుంది. ఇది బొంత. లాగితే కిందికి జరుగుతుంది గాని కరగదు. లైపోసక్షన్‌తో తీయొచ్చు. కానీ లేపిన చర్మానికి రక్తం అందేది మిగిలిన కొన్ని నాళాల నుంచే. అదే పూట పైభాగంలో, ముఖ్యంగా మధ్యలో, ఎక్కువగా గుంజితే ఆ రక్తం తగ్గి చర్మమే చచ్చిపోయే ప్రమాదం ఉంది. బ్రెజిల్ సర్జన్ సాల్డానా 2001లో, చర్మాన్ని తక్కువగా లేపి రక్తనాళాలను కాపాడుతూ రెండూ కలిపి చేసే పద్ధతిని ప్రచురించారు. ఇప్పుడు చాలామంది ఆ దారిలో చేస్తున్నారు. అయినా ఎవరికి ఎంత తీయొచ్చో పొట్ట చూసి సర్జన్ చెప్పాలి గాని, అట్ట మీద ఫోటో చెప్పకూడదు.

మూడు, కండ వెనక, పేగుల చుట్టూ చేరే కొవ్వు. వెల్లకిలా పడుకున్నా పొట్ట దిగకుండా గట్టిగా, గుండ్రంగా ఉంటే దీన్ని అనుమానించాలి. దీన్ని టమ్మీ టక్కూ తాకలేదు, లైపోసక్షనూ తాకలేదు. తిండి, నడక, నిద్ర, అవసరమైతే డాక్టరు రాసే మందులు, ఇవే దారి. షుగర్‌కూ గుండెజబ్బుకూ దగ్గరి చుట్టం ఈ కొవ్వే. భారతీయుల్లో నడుము చుట్టుకొలత ఆడవాళ్ళకు 80, మగవాళ్ళకు 90 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలంటారు. కాబట్టి "ఆడవాళ్ళ విషయం" అన్న పెద్దాయన ఒకసారి టేపు తీసుకోవాలని నా ప్రార్థన.

వేళ్ళతో చూసుకునే ఈ పరీక్షలు డాక్టర్ని ఏం అడగాలో తెలుసుకోవడానికే. పొట్ట మధ్యలో ఉబ్బు ఉంటే హెర్నియా కావచ్చు, చూపించుకోవాలి.

ఇంకో మోసం కూడా ఉంది. "మినీ" టమ్మీ టక్ తక్కువ ధరకు చేస్తామంటారు. అది బొడ్డు కింద భాగానికే, పై మడత జోలికే పోదు. పైన చర్మం బాగా వదులైనవాళ్ళకు రొమ్ముల కింద కోసి చర్మాన్ని పైకి లాగే పద్ధతి ఉంది. చాలా బరువు తగ్గినవాళ్ళకు నిలువుగా కూడా కోసే పద్ధతి ఉంది. వీటిలో మచ్చ చీర దాచేచోట ఉండిపోదు. ఆ ఆరోగ్యకరమైన బేరం ఎవరికి వాళ్ళు వేసుకోవాలి. కూర్చున్నప్పుడు పడే మడత మాత్రం సన్నటివాళ్ళకూ పడుతుంది, దానికి ఏ ఆపరేషనూ లేదు.

ఇక ప్రకటనలో లేని మాటలు. వారం పది రోజులు వంగి నడవాలి. బెల్టు కట్టుకోవాలి. ఆరు వారాల దాకా బరువులెత్తకూడదు, అంటే చంటిపిల్లను ఎత్తుకోకూడదు, బిందె ఎత్తకూడదు. చర్మం కింద నీరు చేరడం మామూలే. కొన్నిచోట్ల స్పర్శ పోతుంది. షుగర్ అదుపులో లేనివాళ్ళకూ పొగతాగేవాళ్ళకూ గాయం సరిగా మానదు. అరుదుగానైనా కాలి నరాల్లో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు వెళ్తే ప్రాణానికే ముప్పు. మళ్ళీ కాన్పు వచ్చినా, బరువు పెరిగినా చేసిన పని చాలావరకు పాడవుతుంది. శాశ్వతం అన్న మాట అక్కడే అబద్ధమైపోయింది. అందం కోసం చేయించుకునే ఆపరేషన్‌కు మామూలు ఆరోగ్య బీమా డబ్బివ్వదు. 2022 మేలో మన బెంగళూరులోనే 21 ఏళ్ళ టీవీ నటి కొవ్వు తీసే సర్జరీకని వెళ్ళి చనిపోయిన వార్త అందరం చదివాం. అది టమ్మీ టక్ కాదు, నిజమే. కానీ కత్తి పట్టే ఏ పనీ తగ్గింపు కూపన్‌తో అమ్మే సరుకు కాదని చెప్పడానికి అది చాలదా?

కార్యవర్గం ఏమంటుందో నాకు తెలుసు. "ప్రకటనల డబ్బు లేకపోతే సంచిక ఎలా వస్తుంది?" నిజమే, కాగితం ఊరికే రాదు. కానీ మన సంఘం పేరు పక్కనే "సభ్యులకు తగ్గింపు" అని వేస్తే, సభ్యులు దాన్ని ప్రకటనగా చదవరు, సంఘం సిఫారసుగా చదువుతారు. రేపు ఇంకో ఆడపిల్ల చీటీ డబ్బు పోగొట్టుకుంటే జవాబు చెప్పేదెవరు? పైగా రోగులను పిలుచుకునేలా డాక్టర్లు ప్రకటనలు చేసుకోవడం వైద్యుల 2002 వృత్తి నీతి నియమావళికే విరుద్ధం. వాళ్ళ నీతి ఒప్పుకోనిది మన అట్ట మీద ఎందుకు?

"అయితే ఆపరేషనే తప్పంటావా?" అని ఇంకో ప్రశ్న. అననే అనను. మూడు కాన్పుల తర్వాత కండరాలు ఎడమైపోయి, చర్మం వేలాడి, దాని మడతల్లో చెమటకు పుండ్లు పడే ఆడవాళ్ళున్నారు. ఇల్లు ఊడిస్తే ఆ చర్మం బిగుసుకోదండీ, ఆ మాటన్న అన్నయ్యకు ఇది తెలియాలి. చేయించుకోవాలనుకునే ఆమెకు ఆ హక్కు ఉంది. ఆమెకు అందాల్సింది నిజం. ఎగతాళీ వద్దు, కూపనూ వద్దు.

నేను అడిగేవి మూడు. ఆ ప్రకటన తీసేయండి. దాని బదులు ఒక ఆదివారం సాయంత్రం ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ గానీ డీఎన్‌బీ గానీ ఉన్న సర్జన్నీ, ఒక ఫిజీషియన్నీ పిలిచి, ఏ తగ్గింపూ లేకుండా మాట్లాడించండి, ఆడామగా అందరం కూర్చుని విందాం. మూడోది మనందరికీ. ఈ ఉగాదికి ఒబ్బట్టు వడ్డించే చేతిని చూడండి, పొట్టను చూడకండి. మా ఆడపడుచును ఆ క్లినిక్‌కు తీసుకెళ్ళింది ప్రకటన ఒక్కటే కాదు, మన పలకరింపులు కూడా.

వెనక అట్ట ఖాళీ అయితే నష్టమంటారా? ఆ ఖర్చులో నా వంతుగా మొదటి వెయ్యి రూపాయలు రేపే కోశాధికారి గారి చేతికిస్తాను. మిగతాది ఎవరెవరు ఇస్తారో కింద రాయండి. ఇవ్వలేనివాళ్ళు అభ్యంతరమైనా రాయండి. ఈసారి నవ్వేసి కాఫీ తాగేస్తే కుదరదు.