డాబా మీది ఎండ

రోహిణీ కార్తెకు రోళ్ళు పగులుతాయని సామెత. రోళ్ళ సంగతేమోగాని, కిందటేడు ఆ రోజుల్లో బెజవాడలో మా పిన్నిగారి కొత్తమేడ మీద రాత్రి పదిగంటలకు ఫాను వేస్తే పైనుంచి వేడిగాలే దిగింది. నేలకు నున్నటి గ్రానైటు పరిచారు. గదికొక ఏ.సి. పెట్టారు. కరెంటు పోగానే పెద్దవారు, బాబాయిగారు, మంచం దిగి తడితువ్వాలు నెత్తిన వేసుకుని మెట్లమీద చతికిలబడ్డారు. “ఇంత పోసి కట్టుకున్నది మెట్లమీద కూర్చోడానికా?” అన్నారు.

దోషమంతా కరెంటుదే కాదు. ఇంటి కప్పుది కూడా. కాంక్రీటు పగలల్లా ఎండను తాగి, రాత్రల్లా ఆ వేడిని మనమీదికి వదులుతుంది. వెనకటి మండువా లోగిళ్ళలో మందపాటి గోడలు, చుట్టూ వసారా, నడుమ గాలాడే మండువా ఉండేవి. ఆ ఇళ్ళు మళ్ళీ కట్టమనడంలేదు, స్థలమేదీ? కాని వాటి కిటుకు కొత్త ఇంటికీ పనికివస్తుంది. ఎండను లోపలికి రానిచ్చి తరమడంకన్న గుమ్మం బయటే ఆపడం మేలు.

ఇప్పుడు ప్రభుత్వాలూ ఈ మాటే అంటున్నాయి. ఇంటి గోడలూ, కప్పూ ఎంత వేడిని లోపలికి రానివ్వవచ్చో చెబుతూ 2018లో కేంద్రం ‘ఈకో నివాస్ సంహిత’ తెచ్చింది. తెలంగాణ 2023లో చల్లని కప్పుల విధానం ప్రకటించి, 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల మేర కప్పులను చల్లబరచాలని లక్ష్యం పెట్టుకుంది.

ఇల్లు కట్టుకునేవారు మేస్త్రీని మూడు సంగతులు అడగండి. పడమటి కిటికీకి నీడ ఏదీ? ఒకవైపు వచ్చిన గాలి రెండోవైపు పోతుందా? డాబాకు తెల్లపూత వేస్తారా? ఇల్లు కట్టేసినవారికి చివరిదైనా చాలు. ఎండలు ముదరకముందే డాబా కడిగి, ఆరనిచ్చి, సున్నమో, ఎండను తిప్పికొట్టే తెల్లరంగో రెండు పూతలు వేయించండి. దుమ్ము పేరుకుంటే గుణం తగ్గుతుంది కనుక ఏటా కడగడం మరవకండి. ఏ.సి. తప్పదంటే 24 డిగ్రీల దగ్గర ఉంచండి. ఒక్కొక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని నిపుణుల లెక్క.

మా పిన్నిగారు ఈ ఏడు శివరాత్రి వెళ్ళగానే పూత వేయించారు. ఏ.సి.లు తీసెయ్యలేదు లెండి! నిన్న ఫోనులో అన్నారు: “రాత్రి మళ్ళీ కరెంటు పోయిందే. మీ బాబాయి మంచం దిగలేదు. గురకకు నాకే నిద్రపట్టలేదు.”