కడుపుకి పడే మందు దొరికేదాకా

ఈ నెల పిల్లల లంచ్‌బాక్సుల గురించి రాస్తానని పోయినసారి మాటిచ్చాను. అది వచ్చే నెలకి వాయిదా వేస్తున్నాను, ఏమీ అనుకోకండి. మొన్న ఇక్కడ రెడింగ్‌లో ఒకరింటి సత్యనారాయణ వ్రతానికి వెళ్ళాను. భోజనాల దగ్గర నా పక్కన కూర్చున్నావిడ పులిహోర కెలుకుతూ, "హార్మోను బిళ్ళలు వేసుకుంటే కడుపు డోలులా ఉబ్బిపోతోందండీ. మానేశాను. డాక్టరుకి చెప్పలేదు" అంది. ఆమెకి 49 ఏళ్ళు. నేను ఏదో ఓదార్పు మాట చెప్పి ఊరుకున్నాను గానీ ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదు. నేనూ సరిగ్గా అదే పని చేసిన మనిషిని. అదీ 37 ఏళ్ళకి.

అవును, 37కే. 35 దాటాక నెలసరి తప్పడం మొదలైంది. రెండోసారి నెల తప్పానేమోనని మురిసిపోయి, మా ఆయనకి చెప్పకుండా రెండుసార్లు ఇంట్లోనే పరీక్ష చేసుకున్నాను. రెండుసార్లూ ఒకటే గీత. ఆ తర్వాత రాత్రిపూట చెమటలు, చిన్నమాటకే కన్నీళ్ళు. మా జీపీ ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోను రక్తపరీక్ష చేయించింది. ఆరు వారాలాగి మళ్ళీ చేయించింది. రెండుసార్లూ 40 దాటే వచ్చింది. బీజెడ్‌సీ చదివినదాన్ని కాబట్టి ఆ అంకె చూడగానే అర్థమైంది. అండాశయాలు పలకకపోతే మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి ఇంకా గట్టిగా అరుస్తుంది. ఆ అరుపే ఎఫ్‌ఎస్‌హెచ్. పరీక్షల్లో పదిమార్కుల ప్రశ్నగా రాసిన విషయం నా సొంత కాగితం మీద కనబడటం వేరేగా ఉంటుంది.

దీన్ని ప్రిమెచ్యూర్ ఒవేరియన్ ఇన్‌సఫిషియెన్సీ అంటారు. నలభై లోపు ఆడవాళ్ళలో నూటికి ఒకరికి వస్తుందట. వీళ్ళలో నూటికి అయిదు నుంచి పదిమందికి ఎప్పుడో ఒకప్పుడు గర్భం నిలిచే అవకాశం ఉందని కూడా డాక్టరు చెప్పింది. ఆ ఒక్క ముక్క పట్టుకుని చాలా రోజులు బతికాను. ఇప్పుడు వదిలేశాననే అనుకుంటున్నాను.

అమ్మకి ఫోన్ చేసి చెబితే, "ముట్లు ఆగిపోయాయా? పోనీలే తల్లీ, పీడ వదిలింది" అంది. అమ్మ తప్పు కాదది. మనవాళ్ళు మెనోపాజ్‌ని సుఖంగానే లెక్కేస్తారు, మడీ దూరం గొడవ పోయిందని. యాభైకి ఆగడం వేరు, 36కి ఆగడం వేరు. ఈస్ట్రోజన్ లేని ఏళ్ళు అన్ని పెరిగితే ఎముకలు గుల్లబారతాయి, గుండెకీ మంచిది కాదు. అందుకే మామూలుగా ముట్లుడిగే వయసు దాకా, అంటే సుమారు 51 వరకు, హార్మోన్లు వేసుకోవాలన్నారు. మా పెళ్ళయి ఎన్నేళ్ళో దాదాపు అన్నేళ్ళు! అలాంటి మందు కడుపుకి పడకపోతే ఎలాగో మీరే చెప్పండి.

నా కడుపు సంగతి నన్నెరిగినవాళ్ళందరికీ తెలుసు. హాస్టల్ రోజుల నుంచీ ఇరిటబుల్ బవెల్. శనగలు తింటే ఒక బాధ, పచ్చి ఉల్లిపాయ తింటే ఇంకో బాధ, గ్లాసుడు పాలు తాగితే ఇక చెప్పనక్కర్లేదు. పెరుగన్నం మటుకు దేవుడి దయవల్ల పడుతుంది.

మొదట ఇచ్చినవి బిళ్ళలు. నెలలో సగం రోజులు ఒక రంగువి, వాటిలో ఈస్ట్రోజన్ ఒక్కటే. మిగతా సగం ఇంకో రంగువి, వాటిలో ఈస్ట్రోజన్‌తో పాటు డైడ్రోజెస్టెరోన్. ఈ రెండోది గర్భసంచి లోపలి పొర అతిగా మందమై కాన్సర్ దాకా పోకుండా కాపాడటానికి. గర్భసంచి ఉన్నవాళ్ళెవరూ ఈస్ట్రోజన్ ఒక్కటే వేసుకోకూడదు. అది గుర్తు పెట్టుకోండి.

పొద్దున్నే బిళ్ళ వేసుకుంటే వేవిళ్ళలా వికారం. తిన్నాక వేసుకుంటే కొంచెం నయం. రెండో రంగు మొదలయ్యేసరికి మటుకు పొట్ట బిగుసుకుపోయి, మూడేసి రోజులు విరేచనం కాక, సాయంత్రానికి పంజాబీ డ్రెస్ నాడా విప్పుకుని సోఫాలో పడి ఉండేదాన్ని. కాగితంలో చూస్తే బిళ్ళలో లాక్టోజ్ ఉందని రాసుంది. ఇంకేముంది, దొంగ దొరికిందనుకున్నాను. మూడు నెలలు వాడి మానేశాను. ఎవరికీ చెప్పలేదు. అయిదు నెలలు అలాగే గడిచాయి. ఖాళీ పెట్టెలు పడేస్తూ ఉంటే మా ఆయన వాడుతున్నాననే అనుకున్నారు.

ఆ తర్వాత ఎముకల సాంద్రత చూసే డెక్సా స్కాన్ తీశారు. నడుము ఎముకలు నా వయసుకి ఉండాల్సినదానికన్నా పలచగా ఉన్నాయని వచ్చింది. ఆ కాగితం చేతిలో పెట్టుకుని కారు పార్కింగ్‌లో కూర్చుంటే నాకు మా పెద్దమ్మ గుర్తొచ్చింది. తెనాలిలో ఉంటుంది. 33 ఏళ్ళకి కడుపునొప్పి అని వెళితే గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేశారు. ఇంటికి పంపేటప్పుడు ఒక్క మందూ రాయలేదు. 58 ఏళ్ళకి బాత్రూంలో జారి తుంటి విరిగింది. ఇప్పటికీ కర్ర పట్టుకునే నడుస్తుంది. చిన్న వయసులోనే గర్భసంచి తీయించుకునేవాళ్ళు మన రెండు రాష్ట్రాల్లో ఎంతమందో, మీ కుటుంబాల్లో ఒకసారి వేళ్ళు మడిచి లెక్కపెట్టుకోండి. నాకైతే నాలుగు వేళ్ళు మడవాల్సి వచ్చింది.

ఆ రాత్రి మా ఆయనకి అంతా చెప్పేశాను. తిట్టలేదు. "బీజెడ్‌సీ చదివి ఇదా నువ్వు చేసింది?" అన్నారు. తిట్టినా అంత బాధపడేదాన్ని కాదు.

సరే, చదివిన చదువు బయటికి తీశాను. ముందు లాక్టోజ్ సంగతి. గ్లాసుడు పాలలో, అంటే 250 మిల్లీలీటర్లలో, సుమారు 12 గ్రాముల లాక్టోజ్ ఉంటుంది. నేను వాడిన బిళ్ళలో ఉన్నది గ్రాములో దాదాపు పదో వంతు. అర టీస్పూన్ పాలతో సమానం. రోజూ పొద్దున కాఫీలో నేను పోసుకునే పాలలో దానికి పదింతలుంటుంది, ఆ కాఫీకి నా కడుపు ఎన్నడూ కిక్కురుమనలేదు. పైగా లాక్టోజ్ రెండు రంగుల బిళ్ళల్లోనూ ఉంది. బాధ ఎక్కువయింది మటుకు రెండో రంగుకే. వంటింట్లో వేలాడే తెలుగు క్యాలెండరు మీద పెన్సిల్‌తో కడుపు సంగతులు రాసుకున్నాను కాబట్టి ఇది తెలిసింది. ఏకాదశి పక్కన "ఉబ్బరం", పౌర్ణమి పక్కన "పరవాలేదు" అని ఉంటే మా అత్తగారు అదేదో జాతకం అనుకున్నారు.

అంటే అసలు దొంగ ప్రొజెస్టెరోన్ జాతి హార్మోను. అది నునుపు కండరాలని సడలిస్తుంది, పేగు నడక మందగిస్తుంది. కడుపుతో ఉన్నప్పుడు మలబద్ధకం రావడానికి ఒక కారణం ఇదే. వికారం సంగతి వేరు, దానికి కారణం ఈస్ట్రోజన్ బిళ్ళ. నోటితో మింగిన ఈస్ట్రోజన్ పేగుల నుంచి ముందు కాలేయానికి వెళుతుంది. అక్కడ చాలావరకు వేరే రూపంలోకి మారిపోతుంది. అందుకే బిళ్ళలో 2 మిల్లీగ్రాములు పెట్టాల్సి వస్తుంది. చర్మానికి అంటించుకునే పట్టీ రోజుకి 50 మైక్రోగ్రాములు వదిలితే దాదాపు అదే పని జరుగుతుంది. నలభయ్యో వంతు! పట్టీ మందు కడుపు గుమ్మమే తొక్కదు. విరేచనాలు పట్టుకున్న రోజున మందు ఒంటపట్టిందో లేదో అన్న బెంగా లేదు. రక్తం గడ్డకట్టే ప్రమాదం బిళ్ళలతో కాస్త పెరుగుతుంది, మామూలు మోతాదు పట్టీలతో అది కనబడలేదంటారు.

ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకుని మళ్ళీ జీపీ దగ్గరికి వెళ్ళాను. మానేసిన సంగతి కూడా ఒప్పుకున్నాను. ఆవిడ ముందు పేగుకి సంబంధించి వేరే జబ్బేమైనా ఉందేమో చూద్దామని, గోధుమలు పడని సీలియాక్ జబ్బుకి, థైరాయిడ్‌కి రక్తపరీక్షలు చేయించింది. సీఏ 125 అనే పరీక్ష కూడా. వదలని ఉబ్బరం ఒక్కోసారి అండాశయ కాన్సర్‌కి గుర్తు కావచ్చునట. అన్నీ బాగానే వచ్చాయి. ఇది మటుకు వయసుతో పనిలేకుండా అందరికీ చెబుతున్నాను. పొట్ట రోజూ ఉబ్బి ఉంటే హార్మోన్ల మీదకో, నిన్నటి వంకాయ కూర మీదకో నెట్టేసి ఊరుకోవద్దు.

పట్టీ మొదలుపెట్టాక వికారం వారంలో పోయింది. వారానికి రెండుసార్లు మార్చాలి, నడుము కింద ఒకసారి ఈ పక్క, ఒకసారి ఆ పక్క. తీశాక జిగురు నల్లగా మిగులుతుంది, కొబ్బరినూనె రాస్తే పోతుంది. పట్టీ పడకపోతే జెల్ ఉంది. అది రాసుకున్నాక ఆరనివ్వాలి, చేతులు కడుక్కోవాలి, ఆ చోట పిల్లల ఒళ్ళు తగలనివ్వకూడదు. మా అమ్మాయి నన్ను అతుక్కునే పడుకుంటుంది కాబట్టి నేను పట్టీకే ఓటేశాను.

ప్రొజెస్టెరోన్‌కి ఈసారి సహజమైన హార్మోనే ఉండే మెత్తటి క్యాప్సూల్ ఇచ్చారు. నెలకి 12 రాత్రులు, పడుకునే ముందు, ఖాళీ కడుపుతో. తిని వేసుకుంటే ఎక్కువగా ఒంటపడుతుంది, మత్తూ ఎక్కువవుతుంది. నిద్ర మటుకు హాయిగా పట్టింది. కాగితంలో ఆరో భాగం చదువుతుంటే "జెలటిన్" అన్న మాట కనబడింది. మా ఇంట్లో గుడ్డు కూడా వండం. అప్పుడు మా అత్తగారు ఆరు నెలల వీసా మీద ఇక్కడే ఉన్నారు. దాచడం ఇక చాలనిపించి ఆవిడకి చెప్పేశాను. తులసి కోటకి నీళ్ళు పోస్తున్నావిడ వెనక్కి కూడా తిరగకుండా, "మందుకి మడేమిటమ్మాయ్, వేసుకో" అన్నారు. నేను నాలుగు రాత్రులు మథనపడ్డ విషయం అంతలో తేలిపోయింది. అందరికీ అలా తేలకపోవచ్చు. కాబట్టి ఆ ఆరో భాగం ముందే చదవండి, మీకు కుదరకపోతే డాక్టరుని వేరేది అడగండి. నేను వాడేదాంట్లో సోయా లెసిథిన్ ఉంది. అమెరికాలో ఉన్న అక్కచెల్లెళ్ళు ఇంకోటి చూసుకోవాలి, అక్కడ ఈ రకం క్యాప్సూళ్ళు చాలావాటిలో వేరుశనగ నూనె ఉంటుంది. పల్లీలు పడనివాళ్ళకి అది ప్రమాదం.

జెలటిన్ గొడవ తీరినా ఉబ్బరం తీరలేదు. మునుపటికన్నా సగం తగ్గింది, అంతే. ఆ 12 రోజులూ అత్తగారు వాము నీళ్ళు, పలచటి మజ్జిగా ఇస్తూనే ఉన్నారు. చివరికి మెనోపాజ్ క్లినిక్‌లో స్పెషలిస్టు, అదే క్యాప్సూల్ మింగకుండా యోనిలో పెట్టుకోమంది. చదువుతూ మొహం చిట్లించకండి, నేనూ ముందు అలాగే చిట్లించాను. అక్కడి నుంచి మందు ఎక్కువగా గర్భసంచికే అందుతుంది, పేగుల దాకా వెళ్ళేది తక్కువ. ఈ వాడకం ఇక్కడ ఆ మందు లైసెన్సులో లేదు. ఎంత, ఎన్ని రోజులు అన్నది స్పెషలిస్టు రాసిస్తేనే చేయాలి, నేను రాశానని చేయకండి. గర్భసంచిలో అమర్చే హార్మోన్ కాయిల్ కూడా ఇదే పనికి వాడతారు. నెలనెలా కడుపు గోల పడలేనివాళ్ళు అది అడగొచ్చు. నేను ఇంకా అంత దూరం వెళ్ళలేదు.

అలా ఎనిమిది నెలలైంది. ఉబ్బరం పూర్తిగా పోయిందని చెప్పను. శనగలు తింటే ఇప్పటికీ అదే బాధ, అది నా జన్మహక్కు. నాడా విప్పుకుని పడుకునే సాయంత్రాలు మటుకు లేవు.

డబ్బు సంగతి ఒక్క ముక్క. ఇంగ్లండ్‌లో ఉన్నవాళ్ళకి 2023 ఏప్రిల్ నుంచి హార్మోన్ మందులకి ప్రత్యేకంగా ప్రీపేమెంట్ సర్టిఫికెట్ ఉంది. రెండు మందుల చార్జీ కడితే ఏడాదంతా సరిపోతుంది. నాకు ఈ సంగతి ఫార్మసీలో ఒక గుజరాతీ ఆంటీ చెప్పేదాకా తెలియదు. స్కాట్లండ్, వేల్స్ వాళ్ళకి ఎలాగూ మందుల చార్జీ లేదు.

"ఇవి వేసుకుంటే బ్రెస్ట్ కాన్సర్ రాదూ?" అని అమ్మ రోజూ అడిగేది. ఆ భయం ఎక్కువగా 2002లో అమెరికాలో బయటికొచ్చిన ఒక పెద్ద అధ్యయనం నుంచి పుట్టింది. అందులో ఉన్నవాళ్ళ సగటు వయసు 63, వాడినవి పాతకాలం బిళ్ళలు. నా వయసులో నేను వేసుకునేది, నా తోటివాళ్ళ ఒంట్లో మామూలుగా ఊరేదాన్నే భర్తీ చేయడం. యాభై దాటినవాళ్ళ లెక్క వేరు, వాళ్ళు తమ డాక్టరుతో కూర్చుని మాట్లాడుకోవాలి. వ్రతంలో కలిసినావిడకి ఫోన్ చేసి అదే చెప్పాను. బిళ్ళ పడకపోతే బిళ్ళ మార్చమని అడగండి, మానేసి ఇంట్లో కూర్చోకండి అన్నాను. వచ్చే మంగళవారం అపాయింట్‌మెంట్ తీసుకుంది. క్యాలెండరు మీద రాసుకుంటోందట కూడా.

పోయిన ఆదివారం పెద్దమ్మతో మాట్లాడాను. అమ్మ ముందే అంతా చెప్పేసినట్టుంది. "ఆ పట్టీలేవో ఆ రోజుల్లో నాకూ ఇచ్చుంటే ఈ కర్ర ఉండేది కాదేమోనే అమ్మాయ్" అంది. నాకు నోట మాట రాలేదు. ఆవిడకి ఇప్పుడు 66, ఈ వయసులో పట్టీలు కొత్తగా మొదలుపెట్టరు. ఎముకలకి వేరే మందులున్నాయి, డెక్సా స్కాన్ తీయించుకో పెద్దమ్మా అన్నాను. గుంటూరులో తీస్తారట. అన్నయ్య శనివారం తీసుకెళతానన్నాడు.