పియానో వినని వానపాము!

జీవపరిణామ సిద్ధాంతంతో ప్రపంచాన్ని కుదిపేసిన చార్లెస్ డార్విన్ చివరిగా రాసిన శాస్త్ర గ్రంథం దేనిమీదో తెలుసా? వానపాముల మీద! 1881లో అచ్చయిందది. ఆ మరుసటి ఏడాదే ఆయన కన్నుమూశారు.

ఇంగ్లండ్‌లోని కెంట్ కౌంటీలో ఆయనుండే డౌన్ హౌస్‌లో కుండీల నిండా వానపాములే. వాటి దగ్గర ఈల వేశారు, బసూన్ ఊదారు, పియానో వాయించారు... ఉలకలేదు, పలకలేదు. అదే కుండీని పియానో మీద పెట్టి మీట నొక్కగానే బొరియల్లోకి దూరిపోయాయి. చెవులు లేవుగానీ అదురు తెలుస్తుందన్నమాట!

సరదా సంగతి అలా ఉంచితే, 1842లో ఆయన ఓ పొలంలో సుద్దముక్కలు చల్లించారు. 29 ఏళ్లు ఆగి, 1871లో కందకం తవ్వించారు. సుద్ద 7 అంగుళాల లోతున తెల్లగీతలా కనిపించింది! దాన్నెవరూ పూడ్చలేదు. వానపాములు కింది మట్టిని తిని పైకొచ్చి విసర్జిస్తూ పోయాయి, అంతే. ఇంగ్లండ్‌లో చాలాచోట్ల ఎకరాకు ఏటా 10 టన్నులకు పైగా మట్టి వాటి పొట్టలోంచి వెళ్తుందని డార్విన్ లెక్కకట్టారు.

మరి ఆ పొట్టలో ఏం జరుగుతుంది? వానపాముకి పళ్లుండవు. రాలిన ఆకుని మట్టితో కలిపి మింగుతుంది. కోడికున్నట్టే దానికీ కందనకాయ ఉంటుంది. అందులో ఇసుకరేణువులే తిరగలి! పేగుల్లో నీరూ జిగురూ తగలగానే మట్టిలోని సూక్ష్మజీవులు నిద్రలేచి ఆకుని అరిగించే పనిలో పడతాయి. కొంత కర్బనం కార్బన్ డయాక్సైడ్‌గా గాల్లో కలిసిపోతుంది. విసర్జించిన మట్టి ఆరి గట్టిపడేకొద్దీ మిగిలింది లోపలే భద్రంగా ఉండిపోతుంది. చచ్చిన సూక్ష్మజీవుల అవశేషాలు బంకమట్టికి అతుక్కుని ఏళ్లతరబడి నిలుస్తాయి. అరగని ఆకూ వేరూ మిగిలిపోవడం వల్లే నేలకు సారం వస్తుందని ఒకప్పుడు అనుకునేవారు. స్థిరంగా నిలిచే సేంద్రియ పదార్థంలో పెద్దవాటా ఈ సూక్ష్మజీవులదేనంటున్నారు ఇప్పటి శాస్త్రవేత్తలు.

అలాగని వానపాము ఎక్కడున్నా మేలేననుకోవద్దు. మంచుయుగంలో హిమానీనదాలు కప్పేసిన ఉత్తర అమెరికా అడవుల్లో అవి లేవు. తర్వాత ఐరోపా నుంచి వచ్చిన వానపాములు అక్కడి ఆకుల పరుపుని తినేసి, దాన్నే నమ్ముకున్న మొక్కలకు గూడు లేకుండా చేస్తున్నాయి.

మన సంగతికొస్తే... తొట్లలో వర్మీకంపోస్టు చేసే ఎర్రలు పైపైన చెత్త తినే రకం. చేలో వదిలినా లోతుకి దిగవు. పొలాన్ని గుల్లచేసేవి అక్కడే పుట్టి పెరిగిన వానపాములు. వాటికి కావాల్సింది తడి, నీడ, తిండి. కోతలయ్యాక వరిగడ్డికో పత్తికట్టెకో నిప్పుపెడితే కాలిపోయేది వాటి నోటికాడి కూడే. అదే గడ్డిని నేలమీద పరిచినా, కుళ్లబెట్టి వేసినా కూలి అడగని దుక్కి సాగిపోతుంది.

అగ్గిపుల్ల గీసేముందు, కాళ్లకింద ఎవరున్నారో ఒక్కసారి ఆలోచించండి మరి!