గృహయంత్ర విషయములు: కంప్యూటరు మేలుకొననప్పుడు



మా కొత్తవలసలో ఉఱుములతో వాన కురిసిన మఱునాటి యుదయమున పొరుగింటి కోడలు పరుగున వచ్చి, "పిన్నిగారూ, కంప్యూటరు చచ్చిపోయినది. మా పొదుపుసంఘము పద్దులన్నియు నందే యున్నవి. రేపు బ్యాంకులో చూపవలెను" అని కన్నీరు పెట్టుకొనెను. మరమ్మతుచేయువా డొకడు వచ్చి, మదర్‌బోర్డు పోయినది, క్రొత్త యంత్రము కొనవలసినదే యని చెప్పి పోయెనట! పెట్టె మూతయైన తీయక రోగనిర్ణయము చేయు వైద్యుని నేను నమ్మను.

ముందుగా నామెకు ధైర్యము చెప్పితిని. పద్దులుండునది హార్డుడిస్కునందు. గోడనుండి వచ్చు 230 వోల్టుల ఏసీ కరెంటును 12, 5, 3.3 వోల్టుల డీసీగా మార్చి యంత్రమున కందించునది ఎస్‌ఎమ్‌పీఎస్ అను వేఱొక పెట్టె. ఇది పాడైనను పద్దులు సాధారణముగా చెడవు. డిస్కును తీసి మఱియొక యంత్రమునకు తగిలించి చదువుకొనవచ్చును.

తరువాత మీట నొక్కి చూచితిమి. లోపలి పంకా తిరుగుచు తెర మాత్రము నల్లగా నున్నచో తెరను, దాని తీగను, మెమరీ పలకను అనుమానింపవలెను. ఇచ్చట పంకాయు కదలలేదు, దీపమును వెలుగలేదు. కాబట్టి కరెంటు వచ్చు దారిని గోడ మొదలుకొని వెదకితిమి. గోడ సాకెట్టునకు సెల్‌ఫోను ఛార్జరు తగిలింపగా పనిచేసెను. ఎక్స్‌టెన్షను బాక్సును తప్పించి కంప్యూటరు ప్లగ్గును తిన్నగా గోడకే పెట్టితిమి. తెరకున్న తీగ యదే రకమగుటచే దానిని మార్చి చూచితిమి. ఫలము లేదు. అప్పుడు పెట్టె వెనుకవైపు చూతును గదా, ఎస్‌ఎమ్‌పీఎస్ మీట సున్న గుర్తు వైపు నొక్కబడి యున్నది! గీత వైపు నొక్కి ముందు మీట వేయగానే పంకా గిఱ్ఱున తిరిగెను.

రాత్రి పిడుగులకు వెఱచి అత్తగారు చేతికందిన మీట లన్నియు కట్టివేసిరట. కోడలేమనునో యని యంతవఱకు పలుకలేదు. ఆమె చేసినది మంచిపనియే, కాని పిడుగునకు మీట చాలదు, ప్లగ్గును ఊడదీయవలెను.

ఇంతతో మేలుకొననిచో ప్లగ్గు తీసి, ముందు మీటను అర నిమిషము నొక్కిపట్టి, మరల ప్లగ్గు పెట్టి చూడుడు. పాత పెట్టెలలో 115, 230 అను అంకెలుగల చిన్న మీట యుండును; అది 230 మీదనే యుండవలెను. మాడువాసన వచ్చినచో ఇక వేయకుడు. ఎస్‌ఎమ్‌పీఎస్‌ను మాత్రము ఎన్నడును విప్పకుడు. ప్లగ్గు తీసిన పిమ్మటను అందలి కెపాసిటర్లలో ప్రాణాపాయకరమగు కరెంటు నిలిచి యుండవచ్చును. దానిని మార్పించుటే మేలు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖయొద్ద తీరము దాటిన పిమ్మట మన ప్రాంతమున పలుచోట్ల దినములతరబడి కరెంటు లేకుండెను. అట్లు పోయిన కరెంటు తిరిగి వచ్చునపుడు వోల్టేజి ఒక్కపెట్టున ఎగయుట కలదు. దీపములు నిలుకడగా వెలుగువఱకు ప్లగ్గు పెట్టకుడు. ఇంటి దీపములే మినుకుమినుకుమనుచున్నచో దోషము కంప్యూటరుది కాదు. 1912కు ఫోను చేయుడు.

పద్దులను వెంటనే పెన్‌డ్రైవులోనికి ఎక్కించితిమి. అత్తగారు దానిని పోపులపెట్టెలో భద్రపఱచెద ననిరి. పసుపంటునని నేనే వారించి బీరువాలో పెట్టించితిని.