తప్పు మనసుది కాదు, మూటది

అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో ఎమికలోలా జలపాతం పక్కన 604 మెట్లున్నాయి. అట్లాంటా చుట్టుపక్కల తెలుగు కుటుంబాలకు అది వారాంతపు షికారు చోటు. పిల్లలతో ఫొటోలు దిగి, వెంట తెచ్చుకున్న పులిహోర తిని, చీకటి పడకముందే ఇంటిదారి పడతారు. అలిపిరి నుంచి 3,550 మెట్లెక్కిన కాళ్లకు 604 ఒక లెక్కా! కానీ మార్చి, ఏప్రిల్ నెలల్లో అవే మెట్ల మీద, వీపున ఇరవై కిలోల సంచితో, పది మెట్లకోసారి రెయిలింగు పట్టుకుని నిలబడిపోయేవాళ్లు కనిపిస్తారు. వాళ్లు వెళ్లాల్సింది మెయిన్ రాష్ట్రం దాకా. దారి పేరు అప్పలాచియన్ ట్రెయిల్. 14 రాష్ట్రాల మీదుగా సుమారు 3,500 కిలోమీటర్లు. ఈ మెట్లు అసలు దారిలో భాగమే కాదు. స్ప్రింగర్ కొండ మీదున్న ఆరంభ స్థానానికి చేర్చే 14 కిలోమీటర్ల ముందుదారిలోవి.

మొత్తం నడుద్దామని బయల్దేరినవాళ్లలో చివరిదాకా వెళ్లేది నలుగురిలో ఒక్కరని అంచనా. మిగతా ముగ్గురి సంగతి అడిగితే వచ్చే జవాబు ఒకటే: సంకల్పం చాల్లేదు. వ్యక్తిత్వ వికాస పుస్తకాలకూ వాట్సాప్ సుభాషితాలకూ ఇంతకంటే ముద్దొచ్చే మాట లేదు. తొలి వారంలోనే వెనుదిరిగినవాళ్ల విషయంలో మాత్రం ఇది అన్యాయమైన తీర్పు.

మొదటి రోజు ఉత్సాహం మీద గడిచిపోతుంది. అసలు పరీక్ష మూడో రోజు పొద్దున, టెంటు జిప్పు తీసి లేచి నిలబడబోయేటప్పుడు. అలవాటు లేని శ్రమ చేశాక కండరాల నొప్పి అప్పటికప్పుడు తెలియదు. ఒక రోజు గడిచాక ముదిరి, రెండు మూడు రోజులకు తారస్థాయికి చేరుతుంది. అందులోనూ ఎక్కడం కంటే దిగడమే ఎక్కువ దెబ్బతీస్తుంది. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది కనుక మనిషి ఆగుతాడు. దిగేటప్పుడు ఊపిరి హాయిగా ఆడుతుంది కనుక వేగం పెంచుతాడు. ప్రతి అడుగులోనూ తొడ ముందరి కండరం సాగుతూనే బరువును ఆపాలి. ఆ సాగడంలోనే కండరపు పోగులు సన్నగా చిరుగుతాయి.

అప్పలాచియన్ దారి సరిగ్గా ఈ సమయానికే పెద్ద దిగుడు పెట్టింది. స్ప్రింగర్ నుంచి సుమారు 50 కిలోమీటర్లు నడిచేసరికి, అంటే చాలామందికి మూడో రోజో నాలుగో రోజో, బ్లడ్ మౌంటెన్ వస్తుంది. 4,458 అడుగులతో, జార్జియాలో ఈ దారి మీద అదే ఎత్తయిన కొండ. అక్కడి నుంచి నాలుగు కిలోమీటర్లలోపే 1,300 అడుగులు దిగాలి, అదీ రాతి పలకల మీద. వాన పడిందంటే కాలు ఎక్కడ పెట్టాలో తెలియదు. దిగితే నీల్ గ్యాప్: తారు రోడ్డు, 1930ల్లో కట్టిన రాతి భవనం, అందులో ట్రెక్కింగ్ సామాన్ల దుకాణం. దారి ఆ భవనంలోంచే వెళ్తుంది. ఎదురుగా ఒకప్పుడు ఒక చెట్టు ఉండేది, కొమ్మల నిండా వేలాడే పాత బూట్లతో. అవి కొన్నవాళ్లు ఎంత ధర పెట్టి ఉంటారోనని చూసేవాడి ప్రాణం ఉసూరుమనేది.

ఆ దుకాణంలో జరిగే ఒక పనిని ప్రతి ట్రెక్కింగ్ క్లబ్బూ అరువు తెచ్చుకోవాలి. అడిగితే అక్కడి సిబ్బంది నడిచేవాళ్ల సంచి మొత్తం విప్పించి, ఒక్కో వస్తువూ చేతిలోకి తీసుకుని, నిన్న దీన్ని వాడావా అని అడుగుతారు. మూడో ప్యాంటు, లావుపాటి పుస్తకం, రెండో కత్తి, ఊరంతటికీ సరిపడే మందుల డబ్బా ఒక్కొక్కటే బయటికొస్తాయి. అన్నీ ‘ఎందుకైనా మంచిది’ అని పెట్టుకున్నవే. వాటిని పోస్టులో ఇంటికి పంపేసి, తేలికపడ్డ సంచితో మళ్లీ నడక మొదలుపెడతారు. మనిషి అదే, సంకల్పమూ అదే. మారింది మూట ఒక్కటే.

వీపు మీద మోసేది ఒంటి బరువులో అయిదో వంతు మించకూడదన్నది పాత కొలత. 65 కిలోల మనిషికి 13 కిలోలు, తిండీ నీళ్లూ కలుపుకునే. దుకాణాల్లో ఇచ్చే జాబితా పట్టుకుని కొంటే ఈ గీత దాటడం చిటికెలో పని.

ఎమ్మా గేట్‌వుడ్ అనే ఒహాయో రైతు గృహిణి 1955లో తన 67వ ఏట ఈ దారి మొత్తాన్ని ఒంటరిగా నడిచింది. పదకొండు మంది పిల్లల తల్లి. సొంతంగా కుట్టుకున్న గుడ్డసంచిని భుజాన వేసుకుని, మామూలు కాన్వాసు బూట్లతో బయల్దేరింది. టెంటు లేదు, స్లీపింగ్ బ్యాగు లేదు, వాన ఆపడానికి ఒక షవర్ కర్టెన్. ఈ కథ చెప్పేవాళ్లు తరచూ వదిలేసే సంగతి ఒకటుంది. అంతకు ముందేడాది ఆమె మెయిన్ వైపు నుంచి మొదలుపెట్టి, తొలినాళ్లలోనే దారి తప్పింది. కళ్లద్దాలు పగిలాయి. వెతికి పట్టుకున్న అటవీ సిబ్బంది ఇంటికి వెళ్లిపొమ్మన్నారు, వెళ్లిపోయింది. 1954లో ఆమెకు సంకల్పం లేదని ఎవరంటారు?

అలాగని అందరూ షవర్ కర్టెన్‌తో వెళ్లాలని కాదు. ఎమ్మా నడక మే నెలలో మొదలైంది. మార్చిలో ఆ కొండల మీద రాత్రిళ్లు సీసాలో నీళ్లు గడ్డకడతాయి. తగ్గించాల్సింది వెచ్చటి స్లీపింగ్ బ్యాగును కాదు. తొలి వారం రోజుకు 12, 13 కిలోమీటర్లకు మించకపోవడం కూడా పిరికితనం కాదు. కండరం వారాల్లో రాటుదేలినా, దాన్ని ఎముకకు పట్టి ఉంచే స్నాయువుకు నెలలు పడుతుంది.

మూటా దిగుడూ ఎంత దెబ్బతీస్తాయో మన దగ్గర తెలియకపోవడానికి ఒక కారణం తిరుమల నడకే కావచ్చు. అలిపిరిలో సామాను అప్పజెప్పితే దేవస్థానమే ఉచితంగా కొండపైకి చేరుస్తుంది. భక్తులు చేతులూపుకుంటూ ఎక్కి, ఎక్కువమంది బస్సులో దిగుతారు. మోసే బాధ లేదు, దిగే బాధా లేదు. ఆ దారిలోని మోకాళ్ల మెట్టు దాటామన్న ధీమాతో హిమాలయాల ట్రెక్కు బుక్ చేసుకునేవాళ్లు వెళ్లేలోపు ఒక శనివారం భువనగిరి కోటకో కొండపల్లి కోటకో నీళ్ల సీసాలతో నింపిన సంచి మోసుకెళ్లి, అదే బరువుతో దిగి రావాలి. సోమవారం ఇంట్లో మెట్లు దిగేటప్పుడు తొడలు ఏమంటున్నాయో విని, అప్పుడు తమ సామాన్ల జాబితాలోంచి ఏవి కొట్టేయాలో చూసుకోవచ్చు.