సాయం పట్టాకు, సేద్యం కౌలుకు

2018 మే 10న హుజూరాబాద్‌లో తెలంగాణ ప్రభుత్వ పంట సాయం రైతుబంధు మొదలైనప్పుడు ఎకరాకు పంటకు 4 వేల రూపాయలు. మరుసటి ఏడాది అది 5 వేలైంది. అదునుకు విత్తనాలు, ఎరువులు కొనడానికి అప్పు కోసం తిరగక్కర్లేని స్థితి చిన్న రైతుకు ఎంత ఊరటో ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. ఆ మేలును కాదనలేం.

అయితే ఈ లెక్క చూడండి. రెండు పంటలకు కలిపి ఎకరం ఉన్న రైతుకు ఏడాదికి 10 వేలు. 30 ఎకరాలున్న ఆసామికి 3 లక్షలు. ఆ 30లో 10 ఎకరాలు కౌలుకు పట్టి దున్నే మనిషికి ఒక్క రూపాయి లేదు. పథకానికి గరిష్ఠ పరిమితి పెట్టలేదు, సాగు చేస్తున్నది ఎవరని అడగలేదు. పాస్ పుస్తకం ఉంటే చాలు.

సంక్షేమ పథకం గట్టు రాళ్లను జరపదు. కానీ భూమిని ఎవరు పట్టుకుని ఉండగలరో, ఎవరు కొనలేరో తేల్చడంలో దాని చెయ్యి ఉంటుంది. పట్నంలో స్థిరపడ్డ యజమానికి కౌలుతో పాటు సర్కారు సొమ్మూ వస్తుంటే ఊళ్లో పొలం అమ్మాల్సిన అవసరం ఏముంటుంది? కౌలుదారు మాత్రం కౌలు, వడ్డీ, పంట నష్టం మూడూ మోస్తాడు. 2022లో రైతు స్వరాజ్య వేదిక తెలంగాణ పల్లెల్లో సర్వే చేసిన రైతుల్లో సుమారు 36 శాతం మంది కౌలు రైతులే. మూడో వంతుకు మించిన ఆ సేద్యగాళ్లు సర్కారు జాబితాలో లేరు.

లేకపోవడానికి కారణం రికార్డుల్లో ఉంది. పాత పహాణీలో పట్టాదారు పేరు పక్కన అనుభవదారు కాలమ్ ఉండేది. 2017 భూ రికార్డుల ప్రక్షాళనతో, 2020లో ధరణి పోర్టల్‌తో అది పోయింది. పేరు పోయాక బ్యాంకు రుణమూ అందలేదు, పంట నష్టపరిహారమూ అందలేదు. 5 లక్షల రైతుబీమా కూడా పట్టాదారుకే. సాగులో చితికిపోయి ఉసురు తీసుకున్న కౌలు రైతు ఇంటికి ఆ బీమా రాదు. ఇంతకన్నా అన్యాయం ఏముంటుంది?

భూమినే పంచే పథకం కూడా తెలంగాణలో ఉండేది. భూమిలేని దళిత కుటుంబాలకు మూడెకరాలిచ్చే కార్యక్రమం 2014 ఆగస్టు 15న గోల్కొండ కోటలో మొదలైంది. కొన్నేళ్లలో పంచింది సుమారు 17 వేల ఎకరాలు, అందుకున్నవి 7 వేల కుటుంబాలు. భూముల ధరలు పెరిగిన కొద్దీ కొని ఇవ్వడం కష్టమై పథకం ఆగిపోయింది. ఒక చేత్తో భూమి కొని పంచుతామంటూనే, ఇంకో చేత్తో భూమిని వదులుకోకుండా ఉండేందుకు ఎకరాల లెక్కన డబ్బిచ్చారు. రెండో చెయ్యే గెలిచింది.

పశ్చిమ బెంగాల్‌లో వేరే దారి కనిపిస్తుంది. 1978లో మొదలైన ఆపరేషన్ బర్గా లక్షలాది పాలుదార్ల (బర్గాదారుల) పేర్లను రికార్డుకెక్కించింది. నాలుగు దశాబ్దాల తర్వాత, 2019లో కృషక్ బంధు వచ్చినప్పుడు నమోదైన ఆ బర్గాదారులకూ సాయం అందింది. పైగా అక్కడ ఎకరం దాటి ఎంత భూమి ఉన్నా సాయం పెరగదు. 2021 నుంచి ఆ గరిష్ఠ మొత్తం ఏడాదికి 10 వేలు.

మన దగ్గర యజమానుల భయాన్నీ అర్థం చేసుకోవాలి. 1950 నాటి తెలంగాణ కౌలు చట్టం రక్షిత కౌలుదారులకు యాజమాన్య హక్కు దాకా ఇచ్చింది. అందుకే నేటికీ కౌలు కాగితం రాయమంటే వెనకాడతారు. ఆంధ్రప్రదేశ్ 2019 చట్టం పదకొండు నెలల ఒప్పందానికి యజమాని సంతకం అడిగింది. సంతకం దొరకని కౌలుదారు మళ్లీ బయటే మిగిలాడు.

2025 జనవరిలో రైతుబంధు స్థానంలో రైతుభరోసా వచ్చింది. సాయం ఏడాదికి ఎకరాకు 12 వేలకు పెరిగింది. భూమిలేని కూలీ కుటుంబాలకు ఏడాదికి 12 వేల ఆత్మీయ భరోసా వేరుగా ప్రకటించారు, అది మంచిదే. కౌలు రైతుకు ఇస్తామన్న మాట మాత్రం నిలబడలేదు. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో చేసిన అధీకృత సాగుదారుల చట్టం చేతికి అందుబాటులో ఉంది. దాని కింద ఇచ్చే కార్డు ఏడాది పాటు రుణానికి, పరిహారానికి పనికొస్తుంది, యజమాని హక్కు జోలికి పోదు. వచ్చే వానాకాలానికి ముందే గ్రామసభలు పెట్టి దరఖాస్తులు తీసుకుని, ఆ కార్డున్న వారికి రైతుభరోసా సొమ్ము జమ చేయవచ్చు. పది ఎకరాలు దాటిన భూమికి సాయం ఆపితే మిగిలే డబ్బును అందుకే వాడవచ్చు.